వీణ క్లాసు గోడకి వెర్మీర్ బొమ్మ: ఆమె ఎదురుచూస్తోందా, శ్రుతి చేసుకుంటోందా?

రమణి_ఎంవీపీ | శనివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంటు. కింద పాత సామాన్లు పడేసే గదిని ఖాళీ చేయించి, రంగులు వేయించి, ఫ్యాన్లు పెట్టించి పిల్లల వీణ క్లాసుకి ఇచ్చారు. సరస్వతీదేవి పటం ఎలాగూ ఉంది. ఎదురు గోడకి ఇంకో మంచి బొమ్మ చూడమని ఆ పని నాకు అప్పజెప్పారు.

నేను ఎంచుకున్నది డచ్ చిత్రకారుడు యోహానెస్ వెర్మీర్ వేసిన బొమ్మ. 1662-63 ప్రాంతంలో వేశాడంటారు. ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. బల్ల వెనక ఒకమ్మాయి కూర్చుని ఉంటుంది. ఒళ్ళో లూట్. మన వీణలాగే మీటి వాయించే వాయిద్యం, వీపు మాత్రం సగానికి కోసిన సొరకాయలా ఉబ్బెత్తుగా ఉంటుంది. ఒక చెయ్యి బిరడ మీద, అంటే తీగ బిగించే మర మీద, ఇంకో చెయ్యి తీగల మీద. తల కిటికీ వైపు తిరిగి ఉంది. వెనక గోడకి పెద్ద మ్యాపు. బల్ల మీద పాటల పుస్తకాలు. పసుపు రంగు కోటు, అంచుకి తెల్లటి బొచ్చు, మెడలో ముత్యాలు.

నాకు చాలా నచ్చింది. గ్రూపులో పెడితే మా సెక్రటరీ గారు, “ఇది సంగీతం బొమ్మ కాదమ్మా, ఎవరికోసమో ఎదురుచూస్తున్న పిల్ల బొమ్మ. పదో క్లాసు ఆడపిల్లలు వచ్చే గదిలో ఎందుకు?” అన్నారు. ఆయన మాట కొట్టిపారేద్దామంటే మ్యూజియం వాళ్ళ వివరణలో కూడా దాదాపు అదే ఉంది. బొమ్మల గురించి తెలిసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కదా, అసలు ఈ బొమ్మలో ఏం జరుగుతోందో చెప్పండి. ఆదివారం కమిటీ మీటింగ్ పడకముందే నాకు కాస్త సరుకు కావాలి.

డాబాగార్డెన్స్ మూర్తి | రాత్రి 9:48

రమణి గారూ, మీ సెక్రటరీ గారి అభ్యంతరం సంగతి నాకు వద్దు గానీ, బొమ్మ చదవడంలో ఆయన తప్పేమీ చెప్పలేదు.

17వ శతాబ్దపు డచ్ ఇంటి బొమ్మల్లో వాయిద్యం ఉందంటే పక్కన ప్రేమ ఉన్నట్టే లెక్క. ఇద్దరు కలిసి వాయించడం అంటే మనసులు కలవడమని అప్పటి వాళ్ళందరికీ అర్థమయ్యే భాష అది. ఈ బొమ్మలో ముందు భాగం అంతా నీడ. ఆ నీడలో నేల మీద చూడండి, వయొలా ద గాంబా పడి ఉంది. కాళ్ళ మధ్య నిలబెట్టుకుని కమానుతో వాయించే పెద్ద వాయిద్యం. దాన్ని వాయించేవాడు గదిలో లేడు. పుస్తకాలు తెరిచి ఉన్నాయి, ఈమె తన వాయిద్యం సిద్ధం చేసుకుంటోంది, చూపు కిటికీ బయటకి. వెనక మ్యాపు, దాని మీద ఓడలు. ఇంతకంటే ఎలా చెప్పాలి చిత్రకారుడు?

ఇంకా సందేహం ఉంటే లండన్ నేషనల్ గ్యాలరీలో అదే వెర్మీర్ వేసిన బొమ్మ చూడండి, వర్జినల్ ముందు నిలబడ్డ స్త్రీ. వర్జినల్ అంటే పెట్టెలాంటి మీటల వాయిద్యం, మీట నొక్కితే లోపల పక్షి ఈక ముక్క తీగని గిల్లుతుంది. ఆమె వెనక గోడ మీద ఏముందో తెలుసా? మన్మథుడి పటం. చేతిలో చీటీ ఎత్తి పట్టుకుని మన వైపే చూస్తుంటాడు. ముందు ఒక ఖాళీ కుర్చీ.

ఉక్కునగరం సుబ్బు | రాత్రి 10:02

ఏటి మూర్తి గారూ, మన్మథుడు ఉన్నది ఆ బొమ్మలో కదండీ. పక్కింటి పటం తెచ్చి ఈవిడ గోడకి తగిలిస్తే ఎలాగ?

పంచమం | ఆదివారం ఉదయం 6:20

నేను చాలా ఏళ్ళుగా వీణ చెబుతున్నాను. బొమ్మల శాస్త్రం తెలీదు. రమణి గారు పెట్టిన బొమ్మ ఫోన్లో పెద్దది చేసి చూశాను. నాకు ముందు కనబడింది చెయ్యి.

ఆ చెయ్యి బిరడ మీద ఉంది. ఆ అమ్మాయి వాయించడం లేదు, శ్రుతి చేస్తోంది. శ్రుతి చేసేవాళ్ళ కళ్ళు ఎక్కడుంటాయో ఎప్పుడైనా గమనించారా? బిరడ మీద ఉండవు, తీగ మీద ఉండవు. మా క్లాసులో కొత్తగా చేరిన పిల్లలు బిరడ వైపే గుడ్లప్పగించి చూస్తారు, అందుకే వాళ్ళకి శ్రుతి కలవదు. ఒక ఏడాది గడిచాక చూడండి. సారణి, అంటే మొదటి తీగ మీటుతారు, తల కాస్త పక్కకి తిరుగుతుంది, కళ్ళు పోయి ఎక్కడో గోడ మీదో గుమ్మం మీదో ఆగుతాయి. అప్పుడు వాళ్ళ ముందు నుంచి ఏనుగు నడిచి వెళ్ళినా కనబడదు. బిరడ ఒక వెంట్రుకవాసి తిప్పుతారు. మళ్ళీ మీటుతారు. తల తిప్పితే చెవి వాయిద్యం వైపుకి వస్తుంది, అంతే. ఈ అమ్మాయి తల అలాగే ఉంది.

పైగా అది లూట్. నాకు తెలిసినంతలో వాటికి పేగు తీగలు. గాలిలో కాస్త తేమ పెరిగితే చాలు, శ్రుతి జారిపోతుంది. మన ఉక్కు తీగలకే ఈ సముద్రపు గాలికి తుప్పు పట్టి ప్రాణం తీస్తుంటే, పేగు తీగల సంగతి చెప్పాలా? విశాఖలో ఎండాకాలం వచ్చిందంటే వీణ మెట్ల కింద మైనం మెత్తబడుతుంది, మెట్టు పక్కకి ఒరుగుతుంది, మళ్ళీ మేళం కట్టించుకోవాలి, అంటే మెట్లన్నీ సరిగ్గా కూర్పించుకోవాలి. వీణలు చేసే బొబ్బిలి నుంచి మనిషి రావాలి, లేదా వీణే బొబ్బిలి వెళ్ళాలి. వాయిద్యం ఉన్న ఇంట్లో సగం కాలం దీనికే పోతుంది. అది ఎరిగినవాడే ఈ బొమ్మ వేశాడనిపించింది నాకు.

సోనోమీటర్ | ఉదయం 7:05

పంచమం మేడమ్ చెప్పినదానికి ఒక సాక్ష్యం. యోహాన్ మాత్తెసన్ అనే జర్మన్ సంగీతకారుడు 1713లో ఎత్తిపొడిచాడు: లూట్ వాయించేవాడు ఎనభై ఏళ్ళు బతికాడంటే అందులో అరవై ఏళ్ళు శ్రుతి చేస్తూనే గడిపి ఉంటాడట.

డాబాగార్డెన్స్ మూర్తి | ఉదయం 7:40

పంచమం గారూ, నమస్కారం. శ్రుతి చేస్తోందని నేనూ ఒప్పుకుంటున్నాను, మ్యూజియం వాళ్ళూ అదే రాశారు. కానీ శ్రుతి చేయడం, ఎదురుచూడడం రెండూ ఒకేసారి జరగకూడదా? కచేరీ మొదలయ్యే ముందే కదా శ్రుతి చేస్తారు. ఇక్కడ కచేరీ ఎవరితో అన్నదే నా ప్రశ్న. నేల మీద రెండో వాయిద్యం ఊరికే ఎందుకు పెడతాడు?

ఏయూ_పెయింటింగ్ | ఉదయం 10:30

ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ చదివాను. రెండు మూడు విషయాలు కలుపుతాను, వాటిలో కొన్ని మూర్తి గారికి నచ్చుతాయి, కొన్ని నచ్చవు.

మొదట మూర్తి గారికి నచ్చేది. ఈ చిత్రకారుడికి చూపుల సంగతి చాలా బాగా తెలుసు. బ్రిటిష్ రాజకుటుంబం సేకరణలో ‘సంగీత పాఠం’ అని పిలిచే బొమ్మ ఉంది. 1762లో మూడో జార్జి రాజు కొన్నాడు, అప్పటికి అది వెర్మీర్‌ది అని కూడా తెలీదు, ఫ్రాన్స్ వాన్ మీరిస్ అనే ఇంకో చిత్రకారుడిది అనుకున్నారు. అందులో ఒక స్త్రీ మనకి వీపు పెట్టి వర్జినల్ ముందు నిలబడి ఉంటుంది, పక్కన ఒక పెద్దమనిషి. వెనక నుంచి చూస్తే ఆమె తల నేరుగా మీటల వైపే ఉంది. ఎదురు గోడకి వేలాడుతున్న అద్దంలో చూస్తే మాత్రం ముఖం కాస్త ఆయన వైపు తిరిగి ఉంది! ఎక్స్‌రే తీస్తే మొదట తలని కూడా ఆయన వైపే తిప్పి వేశాడని, తర్వాత మార్చాడని తేలింది. అంటే తల సరిచేశాడు, అద్దంలో మాత్రం వదిలేశాడు. ఇది పొరపాటున జరిగే పని కాదు. వాయిద్యం మూత మీద లాటిన్‌లో రాసి ఉంటుంది: సంగీతం ఆనందానికి తోడు, బాధకి మందు అని.

ఇప్పుడు నచ్చనిది. మనం మాట్లాడుకుంటున్న లూట్ బొమ్మ బాగా అరిగిపోయింది. పాతకాలంలో శుభ్రం చేసినప్పుడో మరెప్పుడో పై పొరలు చాలా చోట్ల పోయాయి. నేల మీద ఉన్న వయొలా చాలామందికి మొదటి చూపులో కనబడనే కనబడదు. ముఖం మీద ఉండాల్సిన సన్నటి మెరుగులు కూడా ఇప్పుడు మొత్తం లేవు. కాబట్టి ఆ చూపులో ఆరాటం ఉంది, ఆశ ఉంది అని రాసేవాళ్ళు కాస్త ఆగాలి. మనం భావం అనుకుంటున్నదాంట్లో కొంత అరుగుదల కూడా ఉండొచ్చు. చెయ్యి, బిరడ, తల తిరిగిన తీరు, ఇవి నమ్మదగినవి. కళ్ళలో కథ చదవడం ప్రమాదం.

ఇంకోటి, లండన్ కెన్‌వుడ్ హౌస్‌లో ఇదే చిత్రకారుడి గిటార్ అమ్మాయి ఉంది, 1672 ప్రాంతం. అందులో ఆమె నిజంగానే వాయిస్తోంది, తీగల్లో కొన్నింటిని మసకగా వేశాడు, అప్పుడే మీటినట్టు. ఆమె కూడా పక్కకే చూస్తోంది. నవ్వుతోంది. అక్కడ ఎవరో ఉన్నట్టు స్పష్టంగా తెలుస్తుంది. అది వేయగలిగినవాడు ఇక్కడ వేయలేదు అంటే, ఇక్కడ అతనికి కావలసింది వేరేమో.

ఉక్కునగరం సుబ్బు | ఉదయం 10:44

ఆ పసుపు కోటు ఇందులో కూడా ఉందేటి? ఇద్దరికీ ఒకటే కోటు.

ఏయూ_పెయింటింగ్ | ఉదయం 10:59

సుబ్బు అన్నా, బాగా పట్టావు. అదే కోటు ఆయన వేసిన ఆరు బొమ్మల్లో కనిపిస్తుంది. వెర్మీర్ 1675 డిసెంబరులో 43 ఏళ్ళకే పోయాడు, ఇంటినిండా పిల్లలు, నెత్తినిండా అప్పులు. తర్వాతి ఏడాది ఇంట్లో సామాను జాబితా రాసినప్పుడు అందులో తెల్ల బొచ్చు అంచున్న పసుపు శాటిన్ కోటు ఒకటి రాశారు. అంటే బీరువాలో ఉన్న కోటే ఎవరు కూర్చుంటే వాళ్ళకి తొడిగేవాడన్నమాట. కాబట్టి కోటు చూసి ‘పెళ్ళికి ముస్తాబైంది’ లాంటివి అనుకోకూడదు.

భీమిలి_రాజు | మధ్యాహ్నం 12:15

అందరూ మ్యాపుని వదిలేశారేంటి? మన ఊరి కథ అక్కడే ఉంది.

వెర్మీర్ ఊరు డెల్ఫ్ట్. 1602లో పుట్టిన డచ్ ఈస్టిండియా కంపెనీకి ఆరు శాఖలు ఉండేవి, అందులో డెల్ఫ్ట్ ఒకటి. ఆ కంపెనీ వాళ్ళే మా భీమునిపట్నంలో గిడ్డంగి పెట్టుకున్నది, అదీ అదే శతాబ్దంలో. మన తీరంలో నేసిన నూలుబట్ట కొని, అటు జావా వైపు దీవుల్లో మసాలాలకి మార్చుకునేవాళ్ళు. బీచ్ రోడ్డు మీద వచ్చినవాళ్ళు డచ్ సమాధులు చూసే ఉంటారు, కొన్ని గోపురాల్లా కోసుగా పైకి లేచి ఉంటాయి. అందులో ఉన్నవాళ్ళెవరూ ముసలివాళ్ళై పోయినవాళ్ళు కాదు ఎక్కువమంది. ఓడ ఇక్కడికి చేరడానికే ఆరేడు నెలలు పైన. ఉత్తరం రాస్తే జవాబు రావడానికి ఏడాదికి పైమాటే.

ఇప్పుడు ఆ అమ్మాయి చూపు చూడండి. గోడకి ఓడల మ్యాపు. కిటికీ. ఆవిడ మనిషి మా భీమిలిలోనే ఎక్కడో బట్టల మూటలు లెక్కపెడుతున్నాడంటే నేను నమ్ముతాను.

డాబాగార్డెన్స్ మూర్తి | మధ్యాహ్నం 12:31

రాజు గారూ, కథ బ్రహ్మాండంగా ఉంది. కానీ గోడ మీదున్నది యూరప్ మ్యాపు. ఆసియా లేదు దాంట్లో. మీ భీమిలి కావాలంటే ఆవిడ ఇంకో మ్యాపు కొనుక్కోవాలి.

భీమిలి_రాజు | మధ్యాహ్నం 12:40

అదీ నిజమే లెండి. సమాధులు మాత్రం నిజం, వచ్చి చూసుకోండి. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది గానీ సమాధులు పోలేదు.

ఔటర్‌హార్బర్ | మధ్యాహ్నం 3:20

నేను ఇక్కడ ఎప్పుడూ రాయను, చదువుతుంటాను. ఇది చూసి రాయకుండా ఉండలేకపోయాను.

మా ఆయన నేవీలో. సెయిలింగ్‌కి వెళ్తే ఎప్పుడొస్తారో చెప్పరు, చెప్పకూడదు కూడా. మాకిచ్చిన ఇంట్లో ముందు గది కిటికీ నుంచి కొంచెం సముద్రం కనిపిస్తుంది. నేను వయొలిన్ వాయిస్తాను, ఆ కిటికీ దగ్గరే కూర్చుని వాయిస్తాను. ఎందుకంటే గదిలో వెలుతురు, గాలి ఉన్న చోటు అదొక్కటే. అయినా ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ, మా అత్తయ్యగారితో సహా, “పాపం, వాడొచ్చేవరకూ ఈ కిటికీ వదలదు” అంటారు. చుట్టాల దగ్గర చెప్పి కళ్ళు తుడుచుకుంటారు కూడా. నేను ఆ సమయంలో మూడో కాలంలో, అంటే బాగా వేగంగా వాయించేటప్పుడు, వర్ణం ఎక్కడ జారిపోతోందా అని చూసుకుంటూ ఉంటాను. ఆయన గుర్తు రారని కాదు. వస్తారు, వంట చేసేటప్పుడు వస్తారు, కరెంటు బిల్లు కట్టేటప్పుడు బాగా వస్తారు. వయొలిన్ చేతిలో ఉన్నప్పుడు మాత్రం రారు.

ఆడమనిషి, కిటికీ, ఈ రెండూ ఒక చోట కనిపిస్తే మూడోవాడు ఎక్కడ అని అందరూ వెతుకుతారు. మగవాడు కిటికీ దగ్గర కూర్చుంటే మాత్రం ఆలోచిస్తున్నాడంటారు. ఈ వెర్మీర్ బొమ్మల్లోనే కిటికీ దగ్గర ఒక భూగోళ శాస్త్రవేత్త ఉంటాడు, చేతిలో వృత్తలేఖిని పట్టుకుని బయటకి చూస్తూ. ఆయన ఎవరి కోసం ఎదురుచూస్తున్నాడని ఎవరైనా అడిగారా?

పంచమం | మధ్యాహ్నం 3:41

అమ్మా, నీ వర్ణం ఏ రాగం?

ఔటర్‌హార్బర్ | మధ్యాహ్నం 3:44

మోహన, టీచర్ గారూ. చరణంలో.

పంచమం | మధ్యాహ్నం 3:50

మొదటి కాలంలోనే బాగా నడిపించు ముందు. మూడో కాలం దానంతటదే వస్తుంది.

డాబాగార్డెన్స్ మూర్తి | సాయంత్రం 5:05

ఔటర్‌హార్బర్ గారూ, భూగోళ శాస్త్రవేత్త దెబ్బ గట్టిగానే తగిలింది. దానికి నా దగ్గర తేలిక జవాబు లేదు.

అయినా ఒక మాట. ఆ బొమ్మ వేసిన కాలంలో ఇంట్లో ఆడపిల్లకి సంగీతం నేర్పించడానికీ పెళ్ళికీ సంబంధం ఉంది. అప్పటి హాలండ్‌లో జేబులో పట్టే చిన్న చిన్న పాటల పుస్తకాలు తెగ అమ్ముడయ్యేవి, పెళ్ళీడు కుర్రకారు కోసమే. చాలావాటిలో స్వరాలు అచ్చువేయరు, ఫలానా పాట వరుసలో పాడుకోండి అని పైన రాస్తారు. మన మంగళహారతుల పుస్తకాల్లో సినిమా పాట పేరు రాసి ‘వరుస’ అని పెడతారు చూడండి, అలాగ. బల్ల మీద ఉన్న పుస్తకాలు ఆ లోకానివి. ఆ లోకం మనకి కొత్తదా? వీణ వచ్చా అమ్మా, ఒక కీర్తన వాయించమ్మా అనే పెళ్ళిచూపులు నేను కళ్ళారా చూశాను.

పంచమం | సాయంత్రం 5:30

మీరు చూశారు మూర్తి గారూ. మేం కూర్చుని వాయించాం. నా ఈడు వాళ్ళలో ఎంతమంది వీణలు పెళ్ళవగానే అటకెక్కాయో మీకు నేను చెప్పక్కర్లేదు. నా దగ్గరికి యాభై దాటాక వచ్చి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళున్నారు. బూజు దులిపి తెస్తారు. పనస చెట్టు ఒక్క దుంగలో తొలిచిన ఏకాండి వీణ, బంగారం లాంటి వాయిద్యం, నిలువునా పగులు. కుండలో ఎలకలు పిల్లల్ని పెట్టిన వీణ కూడా చూశాను. పెళ్ళిచూపులకే నేర్చుకుని ఉంటే ఎందుకు తెస్తారు మళ్ళీ? పెళ్ళి అయిపోయిందిగా. మనవలు కూడా పుట్టారు.

నేర్పించినవాళ్ళ లెక్క ఒకటి, చేతికి వచ్చాక నేర్చుకున్నవాళ్ళ లెక్క ఒకటి. ఆ బొమ్మలో నేర్పించినవాళ్ళు లేరు, పెళ్ళికొడుకూ లేడు. నేర్చుకున్న పిల్ల ఒక్కతే ఉంది.

ఏయూ_పెయింటింగ్ | సాయంత్రం 6:10

టీచర్ గారు చెప్పిన ఈ ‘ఒక్కతే’ అన్నది ముఖ్యం అనుకుంటాను. మన వైపు బొమ్మలు పక్కన పెట్టుకుని చూడండి. రవివర్మ 1889లో వేసిన సంగీత కళాకారిణుల బొమ్మ మైసూరు జగన్మోహన్ ప్యాలెస్‌లో ఉంది. పదకొండు మంది స్త్రీలు, రకరకాల ప్రాంతాల కట్టుబొట్టు, నగలు. అందరూ మన కోసం ఫొటోకి నిలబడ్డట్టు ఉంటారు. గొప్ప పనితనం, కాదనను. కానీ అక్కడ ఎవరి వాయిద్యం శ్రుతిలో లేకపోయినా బొమ్మకి వచ్చిన నష్టం ఏమీ లేదు. రాగాలని మనుషులుగా వేసే రాగమాల చిత్రాల్లో తోడి రాగిణి ఇంకో తీరు. ఒంటరిగా వీణ పట్టుకుని అడవిలో నిలబడితే లేళ్ళు వచ్చి వింటాయి. అక్కడ విరహం అని అందరూ ఒప్పుకుంటారు, కానీ ఇల్లు లేదు. ఇంట్లో, మామూలు రోజున, వాయించడానికి ముందు ఉండే ఆ విసుగు పనిని ఎవరు వేశారు? నాకు వేరే బొమ్మ గుర్తు రావడం లేదు.

సోనోమీటర్ | రాత్రి 8:15

నేల మీద వయొలా గురించి మూర్తి గారి ప్రశ్న అలాగే ఉండిపోయింది. నేను గాజువాకలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను, నా కోణం ఇది.

17వ శతాబ్దంలో డచ్ కవి జాకబ్ కాట్స్ నీతి చిత్రాలు అప్పట్లో ఇంటింటా ఉండేవి. అందులో ఒకటి: ఒకతను లూట్ వాయిస్తుంటాడు, పక్కన ఇంకో లూట్ ఎవరూ ముట్టుకోకుండా పడి ఉంటుంది. ఇది మోగితే అదీ మోగుతుంది. దూరాన ఉన్నా మనసులు ఇలాగే పలుకుతాయని ఆయన చెప్పదలచుకున్నది. మూర్తి గారి పక్షానికి ఇది పెద్ద బలం, ముందే ఒప్పుకుంటున్నా.

కానీ ఇది కవిత్వానికి ముందు భౌతికశాస్త్రం. ఇంటర్ ల్యాబులో సోనోమీటర్ ప్రయోగం చేసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. తీగ మీద సన్న కాగితం ముక్క మడిచి పెడతాం, శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) మోగించి కాడని పెట్టె మీద ఆనిస్తాం. తీగ పొడవు సరిపోని చోట కాగితం కదలదు. తీగ కింద ఆనించే గుర్రాల్ని (బ్రిడ్జిలని) కొద్దికొద్దిగా జరుపుతూ పోతే ఒకచోట ఉన్నట్టుండి గజగజ వణికి ఎగిరి కింద పడుతుంది. ఆ ముక్క ఎగిరితే క్లాసంతా కేక వేస్తుంది, ప్రతి ఏడాదీ. రెండింటి పౌనఃపున్యం ఒకటైతేనే అది జరుగుతుంది.

కాబట్టి నేల మీద వయొలా పలకాలంటే ఈ లూట్ శ్రుతి కలవాలి. ఇంకా కలవలేదు, ఆమె బిరడ మీద నుంచి చెయ్యి తీయలేదు. ప్రేమ అనుకోండి, ధ్వని అనుకోండి, బొమ్మలో ఉన్న క్షణం దానికి ముందుది. మనం కథ ముగింపు దాకా వెళ్ళిపోతున్నాం, ఆమె ఇంకా తీగ దగ్గరే ఉంది.

పంచమం | రాత్రి 8:32

ఇది మా క్లాసులో రోజూ జరుగుతుంది. ఒక పిల్ల శ్రుతి కలిపిందంటే పక్కన గోడకి ఆనించిన వీణలో తీగ దానంతటదే ఝుమ్మంటుంది. కొత్త పిల్లలు దెయ్యం అనుకుంటారు.

డాబాగార్డెన్స్ మూర్తి | రాత్రి 8:50

సోనోమీటర్ గారి మాట నాకు నచ్చింది. అయితే ఎదురుచూపు అన్నది పూర్తిగా వదలను. మనిషి కోసం కాకపోతే ఆ స్వరం కోసం ఎదురుచూస్తోంది అంటాను, దీనికి ఎవరూ అడ్డు చెప్పరనుకుంటా.

ఔటర్‌హార్బర్ | రాత్రి 8:58

దీనికి చెప్పను.

రమణి_ఎంవీపీ | రాత్రి 10:25

మీటింగ్ అయింది. నిన్న సాయంత్రం క్లాసుకి వచ్చిన పిల్లలకి ఫోన్లో బొమ్మ చూపించి ఆమె ఏం చేస్తోందని అడిగాను, ఆ జవాబులు కమిటీలో చదివాను. “బిరడ జారిపోతోంది, అందుకే గట్టిగా పట్టుకుంది” అని ఒకరు. “డెలివరీ అబ్బాయి గేటు దగ్గర ఉన్నాడు” అని ఒకరు. “టీచర్ వస్తున్నారేమో, ఇంకా శ్రుతి అవలేదని టెన్షన్” అని ఒక పిల్ల. ప్రేమికుడు అన్న మాట ఒక్కరి నోట రాలేదు. సెక్రటరీ గారు నవ్వేశారు. ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు: బొమ్మ కింద ‘శ్రుతి చేసుకుంటున్న యువతి’ అని పెద్దక్షరాలతో రాయించాలట, చూసేవాళ్ళు వేరేలా అనుకోకుండా.

డాబాగార్డెన్స్ మూర్తి | రాత్రి 10:37

వద్దు రమణి గారూ! ఇన్ని చెప్పిన నేనే అంటున్నాను, ఆ పని చేయొద్దు. ఈ బొమ్మల పేర్లేవీ వెర్మీర్ పెట్టినవి కావు, తర్వాతివాళ్ళు పెట్టుకున్నవే. తన బొమ్మల గురించి ఒక్క ముక్క రాసిపెట్టలేదాయన. మనం గోడ మీద తీర్పు రాసేస్తే ఇంక పిల్లలు చూసేదేముంది? డెలివరీ అబ్బాయి పోతాడు.

ఏయూ_పెయింటింగ్ | రాత్రి 10:52

ప్రింటు గురించి: మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి ఇలాంటి పాత బొమ్మల ఫొటోలు ఉచితంగా ఇస్తోంది, వాళ్ళ వెబ్‌సైట్‌లో పెద్ద సైజు ఫైలు దొరుకుతుంది. అసలు బొమ్మ చిన్నదే, నిలువు 51.4 సెంటీమీటర్లు, అడ్డం 45.7. అదే కొలతకి వేయించండి. ఫ్లెక్స్ మీద మాత్రం వద్దు. ఆ నీడలన్నీ నల్లటి ముద్ద అయిపోతాయి, వయొలా పూర్తిగా మాయమవుతుంది. మెరిసే కాగితం కూడా వద్దు, ట్యూబులైటు అంతా అందులోనే కనిపిస్తుంది. మ్యాట్ కాగితం తీసుకోండి. ఫ్రేములో అద్దానికీ కాగితానికీ మధ్య కాస్త సందు వదలమనండి, లేకపోతే మన తేమకి ఏడాదిలో అంటుకుపోతుంది. షాపువాడు వెలుతురు పెంచుతానంటే వద్దనండి.

ఉక్కునగరం సుబ్బు | రాత్రి 11:01

కింద ఏటి రాయాలో అది తేల్చండి ముందు.

ఔటర్‌హార్బర్ | రాత్రి 11:08

చిత్రకారుడి పేరు, సంవత్సరం. మ్యూజియాల్లో అదే కదా ముందు రాస్తారు.

రమణి_ఎంవీపీ | సోమవారం ఉదయం 8:15

సెక్రటరీ గారితో లిఫ్టు దగ్గర మాట్లాడాను. పేరు, సంవత్సరం చాలన్నారు, కానీ పేరు తెలుగులో ఉండాలన్నారు. షాపువాడికి ‘యోహానెస్ వెర్మీర్, 1662-63 ప్రాంతం’ అని రాసి పంపాను. వాడు ఫోన్ చేసి, “మేడమ్, ఈ వెర్మీర్ గారు మీ టీచర్ గారి భర్తా?” అని అడిగాడు. పంచమం గారూ, మీరు క్లాసుకి వచ్చినప్పుడు ఒకసారి చెప్పండి, మేకు ఏ గోడకి కొట్టించాలో. వీణలు ఆనించే గోడకి వద్దనుకుంటున్నాను.

పంచమం | ఉదయం 8:40

వద్దు. తలుపు పక్క గోడకి కొట్టించండి. పిల్లలు శ్రుతి చేసేటప్పుడు అటే చూస్తారు.